ప్రోగ్రామును మనమే కట్టుకోవాలంటే: ముందుగా పనిముట్ల సంగతి

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, గణిత, భౌతిక, కంప్యూటరు శాస్త్రాల విద్యార్థి)

మన కళాశాల గ్రంథాలయంలో పాత సావనీర్లు ఒక బీరువా నిండా ఉన్నాయని నాకు ఇక్కడ చేరకముందే తెలుసు. 1981 సంచికలో మా పెద్దనాయన రాసిన వ్యాసం ఒకటి ఉందని ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేవాళ్లు. ఆయన ఇక్కడే బి.ఎస్సీ. రెండో ఏడు వరకు చదివి, మా తాత మంచాన పడేసరికి చదువు మాని కాడి పట్టాడు. ఆయన పోయి ఇప్పటికి ఆరేళ్లు. మా ఊరి చెరువు గురించి నాలుగు పేజీలు రాశాడట. ఇంట్లో ఉన్న ప్రతిని చెదలు తినేశాయి. గ్రంథాలయంలోని ప్రతి కాగితం పెళుసెక్కి, పేజీ తిప్పితే అంచు పొడిపొడిగా రాలుతున్నది. జెరాక్సు మిషను మీద బోర్లించడానికి గ్రంథాలయాధికారి గారు ఒప్పుకోలేదు. "ఫోటో తీసుకో బాబూ, గట్టిగా విప్పవద్దు" అన్నారు. ఆయన అన్నది న్యాయమే.

నాలుగు ఫోటోలు తీసుకున్నాను. కాని ఫోటో అంటే బొమ్మ. అందులో ఉన్నది "చెరువు" అనే మాట అని కంప్యూటరుకు తెలియదు, నలుపు తెలుపు చుక్కలు అని మాత్రమే తెలుసు. ఆ చుక్కల్లోంచి అక్షరాలు పోల్చి రాసిపెట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిలో "టెసరాక్ట్" అనేది పేరున్నది. ఇది 1980ల నడిమి నుంచి 1994 దాకా హ్యూలెట్ పాకార్డ్ కంపెనీలో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లోనూ అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలోనూ తయారయింది. ఆ తర్వాత పదేళ్లు అటకెక్కింది. 2005లో కంపెనీ వారు దాని మూలాన్ని, అనగా సోర్సు కోడును, అందరికీ వదిలేశారు. 2006 నుంచి 2018 దాకా గూగుల్ సంస్థ దాన్ని సాకింది. ఇప్పుడు కొందరు ఔత్సాహికులు చూసుకుంటున్నారు. తెలుగు కూడా చదువుతుంది.

"నాలుగు పేజీలే గదా, కూర్చుని టైపు కొడితే రెండు గంటల పని" అని మా హాస్టలు గది మిత్రుడు అన్నాడు. నిజమే. కాని ఆ బీరువాలో ఇంకా చాలా సంచికలున్నాయి. నేను నా నాలుగు పేజీలు చూసుకుని బీరువా మూసెయ్యడం బాగుండదనిపించింది. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఈ పని నాకు సరదా.

ఇక అసలు సంగతికి వద్దాం. నా దగ్గరున్నది పాత బజారులో కొన్న ల్యాప్‌టాపు, నాలుగు జీబీ మెమరీ. అందులో ఉబుంటు 22.04 ఉంది. దాంట్లో టెసరాక్టును తెచ్చుకోవడం ఒక్క ఆదేశంతో అయిపోతుంది. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టెసరాక్ట్-ఓసీఆర్ టెసరాక్ట్-ఓసీఆర్-టెల్" అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. (ఆదేశాలన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి సుమా. ఇక్కడ తెలుగులో అచ్చవుతున్నాయి గాని కంప్యూటరుకు ఇవి తెలుగులో అర్థం కావు.) అయితే అలా వచ్చేది 4.1.1 అనే పాత రకం. 5వ రకం 2021 నవంబరులోనే విడుదలయింది. సీసపు అచ్చు నాటి అక్షరాలకు ఆ ప్రోగ్రాముకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలంటే 5.3 గాని ఆపైది గాని కావాలి. కాబట్టి మూలం తెచ్చుకుని నేనే కట్టుకోవలసి వచ్చింది.

కట్టుకోవడం అంటే ఏమిటో కంప్యూటరు శాస్త్రం చదవని మిత్రుల కోసం చెబుతాను. బియ్యం తెచ్చుకుంటే వండుకు తినవచ్చు గాని మడిలో చల్లితే మొలవవు. వడ్లయితే దంచుకుని తినవచ్చు, నారు పోసుకోవచ్చు, నచ్చిన రకం ఏరి పెట్టుకోవచ్చు. కాకపోతే వడ్లు తెచ్చుకున్నవాడికి రోలూ రోకలీ అయినా ఉండాలి, మిల్లైనా ఉండాలి. "ఆప్ట్" ఆదేశంతో వచ్చేది బియ్యం. యంత్రం నేరుగా నడిపించే సంకేతాలే అందులో ఉంటాయి, మనిషి చదివి మార్చడానికి వీలుండదు. సోర్సు కోడు వడ్లు. మనిషి రాసింది, మనిషి చదవగలిగింది. దాన్ని యంత్రభాషలోకి ఆడించే మిల్లు పేరు కంపైలరు. నా ఈ వ్యాసమంతా ఆ మిల్లు బిగించుకోవడం గురించే. ఎందుకంటే మూలం నుంచి కట్టడంలో నూటికి తొంభై వంతుల బాధ కట్టడంలో ఉండదు, పనిముట్లు సమకూర్చుకోవడంలో ఉంటుంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు మూడు రాత్రులు మిగిలేవి.

ఉబుంటులోనూ, దాని తల్లి డెబియన్‌లోనూ "బిల్డ్-ఎసెన్షియల్" అనే ఒక మూట ఉంది. అది తెచ్చుకుంటే సీ భాషకు జీసీసీ, సీ ప్లస్ ప్లస్‌కు జీ ప్లస్ ప్లస్, "మేక్" అనే పనిమంతుడు, సీ భాషకు కావలసిన మూల లైబ్రరీ హెడర్లు, ఇంకా ఒకటి రెండు సామాన్లు కలిసి వస్తాయి. జీసీసీ 1987లో మొదటిసారి విడుదలయింది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమంలో పుట్టిన బిడ్డ అది. మేక్ అంతకంటె పెద్దది. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. దాని తెలివి చాలా సాదాది. ఏ ఫైలు దేని మీద ఆధారపడి ఉందో ఒక చీటీలో రాసి ఉంటుంది. మేక్ ఆ చీటీ చూసి, రెంటి గడియారపు ముద్రలనూ పోల్చి, మూలం మారిన దాన్నే మళ్లీ ఆడిస్తుంది. మారని దాని జోలికి పోదు. వందల ఫైళ్లున్న ప్రోగ్రాములో ఒక్క వరుస దిద్దినప్పుడు దీని విలువ తెలుస్తుంది. దాదాపు యాభై ఏళ్ల నాటి పనిముట్టు ఇవాళ్టికీ చెక్కు చెదరకుండా నడుస్తోందంటే నాకు మా ఇంటి కొడవలి గుర్తొచ్చింది.

తర్వాత మూలాన్ని తెచ్చే "గిట్". ఇది లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాసినది. మామూలుగా "గిట్ క్లోన్" అంటే ఆ ప్రోగ్రాము పుట్టినప్పటి నుంచి జరిగిన మార్పుల చరిత్ర అంతా దిగుతుంది. మా నాయన ఫోను హాట్‌స్పాట్ మీద బతికే నాబోటివాళ్లు దానికి "డెప్త్ 1" అని జతచేస్తే చరిత్ర వదిలేసి ఈనాటి ప్రతి మాత్రం వస్తుంది. ఏ రోజుకారోజు మారే ప్రతిని కాకుండా, విడుదల సంఖ్య వేసిన ప్రతినే అడిగి తెచ్చుకోవడం మంచిది.

ఈ రెండూ పెట్టుకుని ధైర్యంగా మొదలుపెట్టాను. అక్కడి నుంచి నా కష్టాలు మొదలు.

టెసరాక్టు మూలంలో "ఆటోజెన్" అనే ఫైలు ఉంటుంది. ముందు దాన్ని నడపాలి. అది "కాన్ఫిగర్" అనే ఇంకో ఫైలును తయారుచేస్తుంది. కాన్ఫిగర్ మన కంప్యూటరంతా తిరిగి ఏమున్నాయి, ఏం లేవు అని సోదా చేసి, మన యంత్రానికి తగిన చీటీ రాసి మేక్ చేతికిస్తుంది. ఒకే మూలం రకరకాల యంత్రాల మీద కట్టుకోవాలి గనుక ఇంత తతంగం. ఈ తతంగానికి ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ అనే మూడు సామాన్లు కావాలి. ఇవి బిల్డ్-ఎసెన్షియల్‌లో రావు, విడిగా తెచ్చుకోవాలి. నేను మూడూ తెచ్చుకున్నాను. ఆటోజెన్ నడిచింది. కాన్ఫిగర్ మాత్రం ఎక్కడో వేల సంఖ్య వరుస చూపించి, అక్కడ "అనుకోని గుర్తు" వచ్చిందంటూ ఆగిపోయింది. ఆ వరుస తెరిచి చూశాను. నేను రాసింది కాదు, ఎవరూ రాసింది కాదు, ఆటోజెన్ పుట్టించినది. దాన్ని దిద్దడానికి ఒక రాత్రంతా తంటాలు పడ్డాను. మా నాయన మధ్యలో లేచి, "ఏం చేస్తాండావురా రేయంతా? పరీక్షలా?" అని అడిగాడు. కాదంటే దీపం ఆర్పమంటాడని ఊఁ కొట్టాను.

తప్పు ఆ వరుసలో లేదు. "పీకేజీ-కాన్ఫిగ్" అనే నాలుగో సామాను నా దగ్గర లేదు. ఫలానా లైబ్రరీ ఎక్కడుంది, దాని రకం ఎంత, దాన్ని అతికించడానికి కంపైలరుకు ఏం చెప్పాలి అనే వివరాలు పట్టీగా పెట్టుకుని, అడిగినవారికి చెప్పేది అది. అది లేకపోయేసరికి, దాన్ని పిలిచే మాట విస్తరణ కాకుండా ఉన్నది ఉన్నట్టే కాన్ఫిగర్‌లో పడిపోయింది. సామాను తెచ్చుకుని, ఆటోజెన్ నుంచి మళ్లీ మొదలుపెడితే అర నిమిషంలో దాటిపోయింది. దీన్నిబట్టి నాకు తెలిసిందేమంటే, తప్పు ఎక్కడ కనబడిందో అక్కడే పుట్టిందనుకోకూడదు. పొలంలో చివరి మడి ఎండితే ఆ మడిలో తవ్వి ఏం లాభం? కాలువ వెంబడి పైకి నడుచుకుంటూ పోవాలి. తెర మీద పొడుగ్గా వచ్చే తప్పుల్లో కూడా మొట్టమొదటి తప్పే అసలుది. కింద ఉన్నవి చాలావరకు దాని పిల్లలు. సోదా వివరాలన్నీ "కాన్ఫిగ్ లాగ్" అనే ఫైలులో రాసి ఉంటాయి, ఓపిక చేసుకుని చదవండి.

ఇక లైబ్రరీల సంగతి. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. టెసరాక్టు ఫోటోను తానే తెరవదు. ఆ పనికి "లెప్టోనికా" అనే లైబ్రరీ మీద ఆధారపడుతుంది. డాన్ బ్లూమ్‌బర్గ్ అనే ఆయన రాసినది. 1.74 గాని ఆపైది గాని ఉంటే తప్ప కాన్ఫిగర్ ముందుకు పోనివ్వదు. "నా దగ్గర లెప్టోనికా ఉంది గదా!" అని మీరనవచ్చు. ఉంటుంది, కాని చాలదు. నడిచే ప్రోగ్రాముకు లైబ్రరీ ఒక్కటే చాలు. కొత్త ప్రోగ్రామును దానికి అతికించి కట్టాలంటే, ఆ లైబ్రరీలో ఏ పనులున్నాయి, ఏ పనికి ఏమివ్వాలి, ఏం తిరిగి వస్తుంది అని తెలిపే హెడరు ఫైళ్లు కూడా కావాలి. బోరు మోటారు బిగించి ఉంది, నీళ్లు వస్తున్నాయి. దానికి ఇంకో పైపు జోడించాలంటే మూతి ఎన్ని అంగుళాలు, బోల్టు రంధ్రాలు ఎన్ని అన్న కొలతల కాగితం లేకుండా ఎట్లా? ఆ కొలతల కాగితాలను డెబియన్ వాళ్లు విడి మూట కట్టి, పేరు చివర "డెవ్" అని తగిలిస్తారు. ఫెడోరా వాళ్లు "డెవెల్" అంటారు. కాబట్టి కాన్ఫిగర్ ఏదైనా లైబ్రరీ లేదంటే, ముందు దాని డెవ్ మూట ఉందో లేదో చూడాలి. పదింట తొమ్మిదిసార్లు అదే జబ్బు.

నేను "లిబ్‌లెప్టోనికా-డెవ్" అని ఒక్క మాట కొట్టి ఉంటే సరిపోయేది. ఉబుంటు 22.04లో వచ్చేది 1.82, కావలసినదానికంటె ఎక్కువే. కాని అప్పటికి నాకు పౌరుషం పుట్టింది. అన్నీ మూలం నుంచే కడతానని పట్టుబట్టి లెప్టోనికాను కూడా తెచ్చి కట్టాను. ఒక్క తప్పు కూడా చూపించలేదు. కాన్ఫిగర్ అయింది, మేక్ అయింది, "సుడో మేక్ ఇన్‌స్టాల్" అయింది. తర్వాత టెసరాక్టు కట్టాను. నా ల్యాప్‌టాపు ఇరవై నిమిషాలు గాలిపంకా మోగించి కట్టేసింది. లేచి నిలబడి టీ తాగాను. ఇంత సుఖంగా అయిందేమిటా అని ఆ రోజే అనుమానించవలసింది.

మొదట అది నడవనే లేదు. "లిబ్‌టెసరాక్ట్ ఫైలు తెరవలేకపోయాను" అంది. ఇది చిన్న విషయం. మనం కట్టినవి "యూజర్ లోకల్" అనే ఫోల్డరులో పడతాయి. అక్కడ కొత్త లైబ్రరీలు చేరాయని వ్యవస్థకు చాటింపు వెయ్యాలి. "సుడో ఎల్‌డీ-కాన్ఫిగ్" అనేదే ఆ చాటింపు. ఆ తర్వాత తెలుగు అక్షరాల దత్తాంశం, అనగా "టెల్" పేరుతో మొదలయ్యే శిక్షణ ఫైలు, కనబడలేదంది. మూలంతోపాటు భాషల ఫైళ్లు రావు, విడిగా దింపుకుని టెస్‌డేటా ఫోల్డరులో పెట్టాలి. వాటిలో "ఫాస్ట్" అని వేగం కోసం చేసినవి, "బెస్ట్" అని నాణ్యత కోసం చేసినవి వేరువేరుగా ఉంటాయి. మళ్లీ శిక్షణ ఇవ్వడానికి బెస్ట్ రకమే పనికొస్తుంది.

అన్నీ సర్దుకుని పెద్దనాయన వ్యాసం మొదటి పేజీ ఫోటో ఇచ్చాను. "ఈ పని ఇక్కడ లేదు" అనే అర్థం వచ్చే ఒక వాక్యం చెప్పి ఊరుకుంది. జేపెగ్ బొమ్మ చదివే పని లెప్టోనికాలో లేదట! ఎందుకు లేదు? నేను లెప్టోనికాను కట్టినప్పుడు నా దగ్గర "లిబ్‌జేపెగ్-డెవ్" లేదు. కాన్ఫిగర్ దాన్ని వెతికింది, దొరకలేదు, "నో" అని ఒక వరుసలో మర్యాదగా రాసి ముందుకు పోయింది. అది తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. కాబట్టి ఆగలేదు. బొమ్మలు చదవడం కోసమే ఉన్న లైబ్రరీని నేను జేపెగ్ చదవలేనిదిగా కట్టుకుని, టీ తాగి సంబరపడ్డాను. అడ్డం తిరిగి ఆగిపోయే తప్పు మేలు. లోటుతోనే నవ్వుతూ పూర్తయ్యేది ప్రమాదం. ఆనాటి నుంచి కాన్ఫిగర్ రాసే "ఎస్", "నో"ల పట్టీని వేలు పెట్టి చదువుతున్నాను.

మందు సులువే. జేపెగ్, పీఎన్‌జీ, టిఫ్, జీలిబ్ వీటి డెవ్ మూటలు తెచ్చుకుని లెప్టోనికాను "మేక్ క్లీన్" చేసి, కాన్ఫిగర్ నుంచి మళ్లీ నడిపాను. కాన్ఫిగర్‌ను వదిలి ఒట్టి మేక్ నడిపితే లాభం లేదు, పాత సోదా ఫలితమే దాని చేతిలో ఉంటుంది. టెసరాక్టును మళ్లీ కట్టనక్కరలేకపోయింది. అది లైబ్రరీని నడిచేటప్పుడు పిలుచుకుంటుంది గాని కడుపులో పెట్టుకోదు. శిక్షణ పనిముట్లకు ఐసీయూ, పాంగో, కైరో అనే మరో మూడింటి డెవ్ మూటలు కావాలి. ఈసారి పట్టీ చూసి ముందే తెచ్చుకున్నాను గనుక "మేక్ ట్రైనింగ్" మొదటిసారికే నడిచింది.

మరి రెండు ముక్కలు చెప్పి ఈ భాగం ముగిస్తాను. సుడో అనేది "మేక్ ఇన్‌స్టాల్"కూ ఎల్‌డీ-కాన్ఫిగ్‌కూ మాత్రమే వాడండి. కాన్ఫిగర్‌కూ మేక్‌కూ వాడితే మన ఫోల్డరులోని ఫైళ్లే మనకు కాకుండా పోతాయి, దించుకున్న మూలంలో ఏదైనా చెడు ఉంటే యంత్రమంతా దాని చేతికిచ్చినట్టు కూడా అవుతుంది. రెండోది, మనం ఇలా పెట్టినవాటి లెక్క ఆప్ట్ దగ్గర ఉండదు. తీసెయ్యాలంటే ఆ మూల ఫోల్డరులోకి పోయి "మేక్ అన్‌ఇన్‌స్టాల్" అనాలి. అందుచేత పని అయిందని ఆ ఫోల్డరును చెరిపెయ్యకండి. మెమరీ తక్కువున్నవాళ్లు మేక్‌కు ఒకేసారి ఎనిమిది పనులు అప్పగిస్తే కంపైలరు మధ్యలోనే చచ్చిపోవచ్చు, రెండు చాలు. విండోసు వాడే మిత్రులు డబ్ల్యూఎస్ఎల్ అనే దారిలో ఉబుంటు పెట్టుకుంటే ఇదంతా అలాగే నడుస్తుంది.

ఇక పెద్దనాయన వ్యాసం. యంత్రం నాలుగు పేజీలూ చదివింది. శిక్షణ ఇవ్వకముందే చదివిన తీరు ఫరవాలేదు. ఒత్తులు కొన్ని మింగేసింది, "కట్ట"ను చాలాచోట్ల "కట" చేసింది. మడత పడిన చోట మూడు వరుసలు పూర్తిగా పోయాయి, వాటిని పుస్తకం చూసి నేనే టైపు కొట్టాను. మిగతాది కూర్చుని దిద్దాను. రెండో పేజీలో "మరవ పారినప్పుడు" అని వచ్చింది. ఇదేదో యంత్రం చేసిన తప్పనుకుని, "నురగ పారినప్పుడు" అని దిద్దాను. నేను ఆరో తరగతి నుంచి హాస్టళ్లలోనే పెరిగాను.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి మా నాయనకు చదివి వినిపించాను. అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. ఆ మాట దగ్గర కళ్లు తెరిచాడు.

"నురగ కాదురా. మరవ. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోతాయే, ఆ చోటు. మరవ పారిందంటే ఊరంతా పొయ్యి మొక్కేది. మన కయ్యలు దాని కిందే గదా. మీ పెద్దనాయన ఆ మాట తప్పు రాయడు."

ల్యాప్‌టాపులో ఉన్న ఫోటోను పెద్దది చేసి చూశాను. "మరవ" అనే ఉంది. దిద్దినదాన్ని చెరిపి యంత్రం చదివినట్టే మళ్లీ పెట్టాను. మా నాయన, "మళ్లా మొదట్నుంచి చదువు" అన్నాడు.

ఆ నాలుగు పేజీలనూ గ్రంథాలయాధికారి గారికి ఇచ్చాను. బీరువాలో తక్కినవాటి కోసం ఇప్పటికి నూట ఎనభై వరుసల ఫోటోలు ముక్కలు చేసి, ఒక్కోదాని పక్కన సరైన పాఠం టైపు చేసి పెట్టాను. శిక్షణకు ఇంకా చాలా కావాలి. సాయంత్రాలు ఓ గంట తీరిక ఉండి, తెలుగు టైపు వచ్చినవారు ఎవరైనా సరే, మూడో హాస్టలు పన్నెండో నంబరు గదికి రావచ్చు. పనిముట్లు బిగించే ఉన్నాయి.